పడవ లేని ఊళ్ళో పడవ మాట

ఆదోని వెళ్ళొచ్చానని చెప్పగానే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు, అక్కడేముందని. మా కోనసీమ వాళ్ళకి కొబ్బరిచెట్టు కనబడకపోతే అది ఊరే కాదు. కాలవ లేని చోట మనుషులు ఎలా బతుకుతారన్నది కూడా మాకు అర్థం కాని సంగతి. నాకూ అర్థం కాలేదు గనకే వెళ్ళాను. ఇంకో కారణం శంకరమ్మ.

నిరుడు కాకినాడలో చేనేత ఎగ్జిబిషన్ పెట్టారు. ఏళ్ళ తరబడి ఆడపిల్లలకి కుట్టు నేర్పినదాన్ని కదా, బట్ట చేతికొస్తే ముందు అంచు చూస్తాను. ఒక స్టాల్లో దుప్పటి తీసి ఈ కొస నుంచి ఆ కొసకి వేళ్ళతో తడుముకుంటూ పోయాను. ఎక్కడా వంకర లేదు. ఎవరు నేశారంటే ఎదురుగా కూర్చున్నావిడ గుండె మీద చెయ్యేసుకుంది. ఎమ్మిగనూరు శంకరమ్మ. "మా ఊరికి రాక్కా, ఈ దుప్పటి యాడ పుట్టిందో సూపిస్తా" అంది. వస్తానన్నాను. ఎగ్జిబిషన్లలో అందరం అలాగే అంటాం. కానీ ఈ మధ్య కుట్టు పాఠాలు మానేశాక, మోకాళ్ళు ఇంకా నా మాట వింటుండగానే వెళ్ళొద్దామనిపించింది. ఫోను చేస్తే వాళ్ళాయన ఎత్తి "రాక్కా, వచ్చినాంక మాట్లాడుకుందాం" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆదోని: మస్తాన్ ఆటో

రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే నా సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్ళిపోయింది. ఆ రెండో చెయ్యి మస్తాన్‌ది. ఆటోవాడు, కళ్ళకి సుర్మా, నోట్లో వక్క. "ఫికర్ పడొద్దు మేడం. కండ్లు మూసుకోని కూసోండి. మన బండి పడవ మాదిరి పోతాది" అన్నాడు.

వందడుగులు పోయామో లేదో గోతిలో పడి నా నడినెత్తి పైకమ్మీకి తగిలింది. ఇంకో గోతిలో నాలుక కరుచుకున్నాను. ఇదేనా నీ పడవ అని అడిగాను. "రోడ్డు బాగుంటే అట్లే పోతాది మేడం" అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

"నువ్వెప్పుడైనా పడవెక్కావా?"

"ఈ ఊర్ల పడవ యాడుంటాది? సినిమాల్ల సూసినా."

"మరెందుకన్నావు ఆ మాట?"

"అందరూ అంటారు కదా."

నిజమే, అందరూ అంటారు. కొత్త కారు కొన్నవాడు అంటాడు, కొత్త మిషను కొన్న నా శిష్యురాళ్ళు అంటారు. వ్యాపారం కుదురుకున్నా సంసారం సర్దుకున్నా పడవలా పోతోందంటారు. ఆ మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెబుతాను.

మా నాన్న కాలవ మీద పడవ నడిపేవాడు. ధాన్యం, ఇటుక, కొబ్బరికాయలు, వాటి మీద కూర్చుని నలుగురైదుగురు జనం. గాలి ఉన్న రోజున తెరచాప ఎత్తేవాడు. చాప ఎత్తాం కదా అని చేతులు కట్టుకుని కూర్చోడానికి లేదు. గాలి ఒక్క తీరున ఉండదు. తాడు వదలాలి, బిగించాలి, చుక్కాని మీద నుంచి చూపు తిప్పకూడదు. గాలి లేని రోజు సంగతి ఇంకా ఘోరం. పడవకి మోకు కట్టి, ఆ మోకు రొమ్ముకి అడ్డంగా వేసుకుని, కాలవగట్టు మీద వంగి నడుస్తూ లాగాలి. నాన్న రొమ్ము మీద నల్లటి చార ఒకటి ఉండేది. రాత్రిళ్ళు అమ్మ దానికి ఆముదం రాసేది. పడవలో బస్తాల మీద నిద్రపోతూ వచ్చినవాళ్ళు రేవులో దిగి ఒళ్ళు విరుచుకుని "పడవలో వస్తే ఎంత హాయండీ, వచ్చినట్టే తెలీలేదు" అనేవాళ్ళు. నేను చిన్నదాన్ని, పక్కనే నిలబడి వినేదాన్ని.

అందుకని ఈ మాట ఎక్కడ పుట్టిందని నన్నెవరైనా అడిగితే, పడవలో కూర్చున్నవాడి నోట్లో పుట్టిందని చెబుతాను. గట్టు మీద మోకు లాగేవాడు పొరపాటున కూడా అనడు. ఇదంతా మస్తాన్‌కి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. లాడ్జి ముందు ఆటో ఆపి, "అయితే మేడం, ఆటోల కూసున్నది మీరు. మీరే అనల్ల, పడవ మాదిరి వచ్చింది అని" అన్నాడు. గడుగ్గాయి. అడిగినదాని మీద పది రూపాయలు ఎక్కువే ఇచ్చాను.

ఆ ఆటోలోనే ఒకటి నిర్ణయించుకున్నాను. ఈ మెట్టనేలలో ఎవరు పడవ మాటెత్తినా, వీళ్ళకి పడవ ఎక్కడ దొరికిందో అడగాలని.

ఉగ్గాని

పొద్దున్నే ఫలహారానికి మార్కెట్ వైపు వెళ్ళాను. పత్తి లారీలు వరసగా ఆగి ఉన్నాయి. గాలిలో దూది పింజలు, చెట్ల కొమ్మలకి దూది, నిలబడ్డ మనుషుల జుట్టులో దూది. తోపుడుబండి మీద ఒకావిడ ఉగ్గాని చేస్తోంది. మన మరమరాల్ని వీళ్ళు బొరుగులంటారు. వాటిని నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయ తాలింపులో వేసి, పైన పప్పులపొడి చల్లుతుంది. పక్కన మిరపకాయ బజ్జీలు. అన్నీ కలిపి ముప్పై రూపాయలు. మా వైపు ఆ డబ్బుకి చట్నీ తగ్గించి పెసరట్టు ఇస్తారు.

బజ్జీ కొరికాను. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు. నీళ్ళ చెంబు నా చేతికిస్తూ ఆవిడ జాలిగా, "కారంగా ఉందా అక్కా? ఇవి పిల్లోళ్ళకని సప్పగా ఏసినవి" అంది.

కాస్త తేరుకున్నాక పడవ సంగతి అడిగాను. మీ ఊళ్ళో బండి బాగా నడిస్తే పడవ మాదిరి అంటారట కదా, పడవ ఎక్కడిదీ అని. ఆవిడ గరిటె ఆపకుండానే, "మాకు కుళాయిలో నీళ్ళు దినం ఇడిసి దినం వస్తాయి. మాకు నీళ్ళ ట్యాంకరే పడవ" అంది. పక్కన తింటున్న హమాలీలు నవ్వారు. నేనూ నవ్వాను గానీ చేతిలో చెంబు వైపు చూసుకుని, మిగిలిన నీళ్ళు పారబొయ్యకుండా తాగేశాను.

బస్సులో పుట్టి పెద్దాయన

ఎమ్మిగనూరు బస్సులో నా పక్కన తలపాగా పెద్దాయన కూర్చున్నాడు. బస్సు కదలకముందే మాది ఏ ఊరు, పిల్లలెందరు, మొగుడేం చేసేవాడు, ఎప్పుడు పోయాడు, ఒక్కదాన్నే ఎందుకు తిరుగుతున్నాను, అన్నీ అడిగేశాడు. మా వైపూ అడుగుతారు, కాకపోతే డొంకతిరుగుడుగా. ఈయన సూటిగా అడిగి, జవాబు వినగానే ఒళ్ళోని మూటలోంచి గుప్పెడు శెనక్కాయలు తీసి నా ఒళ్ళో పోశాడు. మస్తాన్ తప్ప ఇక్కడ అందరూ నన్ను నువ్వు అనే పిలిచారు. అండీ గిండీ లేదు. మొదటిరోజు చురుక్కుమంది. కానీ ఆ నువ్వు పక్కన అక్కా అనో అమ్మా అనో తప్పకుండా ఉంటుంది. రెండోరోజుకి నాకే అండీ అనిపించుకోవడం ఎబ్బెట్టుగా తోచింది.

పెద్దాయనది తుంగభద్ర ఒడ్డున పల్లె. నా ప్రాణం లేచొచ్చింది. నది ఉంటే పడవ ఉంటుంది. అడిగాను.

"పడవ లేదమ్మా. పుట్టి ఉండాది" అన్నాడు. చేతులు గుండ్రంగా పెట్టి చూపించాడు. వెదురుతో అల్లిన పెద్ద గంప లాంటిది, కింద నీళ్ళు దిగకుండా పట్టా వేసి ఉంటుంది. "ఏరు దాటేకి ఒకప్పుడు అదే దిక్కు. తోలేది రానోడు ఎక్కినాడనుకో, గిరగిరా ఆడనే తిరుగుతాది గానీ ముందుకు పోదు."

"మరి మీవాళ్ళు పడవ మాదిరి అంటారెందుకు?"

"పుట్టి మాదిరి పోతాదంటే ఎవురన్నా బండి కొంటారామ్మా?"

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా టికెట్లు కొట్టడం ఆపి నవ్వాడు. కిటికీ బయట నల్లరేగడి చేలు, కోసేసిన కంది మోళ్ళు, దూరంగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ళ గుట్టలు. ఎంత దూరం చూసినా అడ్డం లేదు. గాలికి ఇక్కడ ఆటంకమే లేదనుకున్నాను. ఈ గాలి మా నాన్నకి దొరికి ఉంటే మోకు లాగే బాధ తప్పేది.

ఎమ్మిగనూరు: చప్పుడు లేని ఇల్లు

నేతగాళ్ళ వీధిలో దిగితే ఎవర్నీ దారి అడగక్కర్లేదు. ఇంటింటి లోంచీ మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. శంకరమ్మ ఇంటి ముందు మాత్రం చప్పుడు లేదు. గుమ్మం పక్కన ట్రాక్టరుతో తోలించిన మట్టి కుప్ప ఉంది. ఇల్లు బాగుచేయించుకుంటున్నారేమో అనుకున్నాను.

శంకరమ్మ బయటికొచ్చింది. కుడిచెయ్యి పొట్టకి ఆనించి పట్టుకుని ఉంది. నన్ను చూసి నవ్వబోయి మూతి బిగించుకుంది. "వచ్చినావా అక్కా" అని లోపలికి తీసుకెళ్ళింది.

లోపల గోడవార గుంత మగ్గం. నేలలో తవ్విన గుంత, అందులో కాళ్ళు పెట్టుకుని అంచున కూర్చుని నేస్తారు. ఆ గుంత మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. మూలన పాత చీరలో చుట్టిన పెద్ద మూట. అది తోడి సిద్ధం చేసుకున్న పడుగట, అంటే బట్టకి నిలువు దారాలు. అటక మీద నుంచి నూలు దించబోయి నిచ్చెన జారి శంకరమ్మ భుజం విరిగింది. కర్నూల్లో ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. లేపుతుంటేనే లేస్తుందని డాక్టరు చెప్పాడు. ఈవిడ లేపడం లేదు. అప్పట్నుంచీ మగ్గం ఊసెత్తలేదు.

మట్టి ఎందుకని నేనడిగితే వాళ్ళాయన మల్లప్ప నన్ను వాకిట్లోకి తీసుకెళ్ళి చెప్పాడు. అతను ఎప్పుడో నేత వదిలేసి పత్తి మిల్లుకి పోతున్నాడు. మగ్గం ఆవిడదే, అత్తగారి దగ్గర నేర్చుకుంది. "దినామూ ఆ గుంత కాడ కూసోని ఏడుస్తాది అక్కా. నాతో సూడలేక పోతాండా. పూడ్సేస్తే మర్సిపోతాదేమో అని మట్టి తోలిపిచ్చినా. ఎల్లుండి మనిషొస్తాడు, మట్టేసి పైన బండలు పరుస్తాడు" అన్నాడు. మంచివాడే, పెళ్ళాం కన్నీళ్ళు చూడలేని మనిషి. కానీ ఒకసారి బండలు పరిచాక ఆవిడ మళ్ళీ నేసేది లేదు. అది అతనికీ తెలుసు, చెబుతున్నప్పుడు నా మొహం వంక చూడలేదు.

శంకరమ్మ ఎడమచేత్తోనే జొన్నరొట్టె తట్టింది. కాస్త వంకరగా వచ్చినందుకు విసుక్కుంది. పుంటికూర పప్పుతో పెట్టింది. పుంటికూరంటే మన గోంగూరే. తింటూ ఉండగా నా నోరు ఊరుకోలేదు. పడుగు సిద్ధంగా ఉందిగా, వీధివాళ్ళని పిలిచి ఆ పని చేయించుకుని, మెల్లిగా మొదలెట్టొచ్చు కదా అన్నాను.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. పడుగుని వీధి పొడవునా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. వీధి వీధంతా వస్తుంది. కూలి ఉండదు. దీన్ని ముయ్యి అంటారు. ఇవాళ నీ పడుక్కి నేనొస్తాను, రేపు నా పడుక్కి నువ్వు రావాలి. మా వైపు పెళ్ళిళ్ళలో చదివింపులు చదివించినట్టే, కాకపోతే ఇక్కడ ఇచ్చేది చాకిరీ.

"దెబ్బ తగిలినప్పట్నించీ నేను ఎవురి పడుక్కీ పోల్యా అక్కా. యా మొగం పెట్టుకోని నా దానికి రమ్మనేది?" అంది.

"రాలేదని నిన్నెవరైనా దెప్పారా?"

"అడగరు. ఒగ మాట కూడా అనరు. అదే నాకు కష్టం."

ఆ పొడుగాటి కుంచెని ఇద్దరు పట్టుకుని నడవాలి, పడుక్కి ఆ పక్కొకరు ఈ పక్కొకరు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ శంకరమ్మకి జోడీ ఎదురింటి హంపమ్మ. ఇప్పుడు హంపమ్మ వాళ్ళతో వీళ్ళతో నడుస్తోంది. ఆ మాట చెప్పి శంకరమ్మ కళ్ళు తుడుచుకుంది. తుంచిన రొట్టె ముక్క పళ్ళెంలోనే వదిలేసి లేచింది.

హంపమ్మ పడుగు

మర్నాడు తెల్లవారుజామున హంపమ్మ పడుగు. వీధికి అటూ ఇటూ తాళ్ళు కట్టి ఆటోలు రాకుండా ఆపారు. కర్రలు కత్తెరలా నాటి, వాటి మీదుగా పడుగు చాపారు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లటి దారాలే. ఒకావిడ బానలో గంజి కలుపుతోంది. మగవాళ్ళు తెగిన పోగులు వెతికి ముడేస్తున్నారు. శంకరమ్మ తన గుమ్మం మెట్టు మీద కూర్చుంది. నేనావిడ పక్కన.

హంపమ్మ పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంటుంది. మాట తక్కువ. ఊరు కాని ఊరినుంచి వచ్చానని నాకోసం నాలుగు ముక్కలు చెప్పింది. "గాలి లేవకముందే అయిపోవల్ల అక్కా. గాలొస్తే గంజి ఎండిపోతాది. దారాలు అట్ట కట్టుకుంటాయి. అప్పుడు ముట్టుకున్నా తెగుతాయి." నాకు నవ్వొచ్చింది. మా నాన్న తెల్లారగానే గట్టు మీద నిలబడి గాలి కోసం ఆకాశం వంక చూసేవాడు. వీళ్ళేమో గాలి రాకూడదని చూస్తున్నారు.

ఆ రోజు గాలి ముందే లేచింది. దానికి తోడు హంపమ్మతో నడవాల్సిన తోటికోడలికి జ్వరం. గంజి అప్పటికే పెట్టేశారు, ఆగడానికి లేదు. నేనున్నానంటూ లేచాను. బట్టతో బతికినదాన్ని, నాకేం కొత్త అనుకున్నాను. కుంచె రెండో కొస పట్టుకుని హంపమ్మతో కదిలాను. రెండు బారలు పోకముందే నా చేతి కింద పుటపుటా పోగులు తెగాయి. "అదమొద్దక్కా" అంది హంపమ్మ. తేలిగ్గా పట్టాను. ఈసారి కుంచె దారాలకి తగల్నే లేదు. నన్ను పక్కకి తప్పించి ఒకాయన పట్టాడు. ఆయనది బారెడంత అడుగు, హంపమ్మ పరిగెత్తాల్సి వచ్చింది. కుంచె ఏటవాలైంది. నడిమధ్యన దారాలు బిరుసెక్కి మెరవడం మొదలైంది. హంపమ్మ పెదవులు తెల్లబడ్డాయి. ఆ పడుగు పోతే ఆ ఇంటి మగ్గం ఎన్నాళ్ళు ఆగిపోతుందో అక్కడున్న అందరికీ తెలుసు.

మెట్టు మీద శంకరమ్మ లేచింది, కూర్చుంది. "ఆడ ఆరిపోతాంది, నడుమ సూడండి" అని కేకేసింది. మళ్ళీ లేచింది. ఎడమచేత్తో, పళ్ళతో కొంగుని నడుముకి బిగించుకుని మెట్లు దిగి వచ్చేసింది. మిల్లుకి బయలుదేరిన మల్లప్ప టిఫిన్ క్యారేజీ పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు.

శంకరమ్మ తన పాత చోటికి పోలేదు. నేరుగా హంపమ్మ నిలబడ్డ వైపుకి వెళ్ళి, "నువ్వు ఆ పక్కకు పో" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. దువ్వేటప్పుడు పడుగు వైపున్న చేతిదే బలమంతా, బయటివైపు చెయ్యి ఊరికే దారి చూపుతుంది. తన పాత చోట నిలబడితే కుడిచెయ్యి పడుగు వైపుంటుంది. ఆ చెయ్యి పని చెయ్యదు. హంపమ్మ చోట నిలబడితే ఎడమచెయ్యి లోపలికి వస్తుంది. అయితే హంపమ్మకి అన్నేళ్ళ అలవాటు తప్పుతుంది. చేతులూ మారతాయి, అడుగులూ మారతాయి. అవతల తన పడుగు ఎండిపోతోంది. ఎందుకని హంపమ్మ అడగలేదు. పడుగు కింద నుంచి వంగి దూరి అవతలి పక్కకి వెళ్ళి ఆయన చోట నిలబడింది.

మొదటిసారి ఇద్దరూ తడబడ్డారు. కుంచె ఒకసారి ఈ పక్కకి, ఒకసారి ఆ పక్కకి లాగింది. కొసకి చేరి, కుంచె ఎత్తుకుని, మళ్ళీ మొదటికి నడిచి వచ్చారు. రెండోసారి శంకరమ్మ ఏదో అంది, హంపమ్మ తల ఊపి అడుగు చిన్నది చేసుకుంది. అంతే, కుదిరిపోయింది. గంజి పట్టిన దారాలు కుంచె వెనకాల విడివిడిగా లేచి నిలబడుతూ వచ్చాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు, చూపులు దారాల మీదే ఉన్నాయి. శంకరమ్మ మొహం నిండా చెమట. కుడిచెయ్యి మాత్రం కుంచె మీద ఆనించే ఉంచింది. నాకు కళ్ళు నిండిపోయాయి. చెంగుతో తుడుచుకుంటే మళ్ళీ నిండాయి.

మల్లప్ప నా పక్కకొచ్చి నిలబడ్డాడు. మెల్లిగా అన్నాడు. "పడవ మాదిరి పోతాంది సూడక్కా."

ఇంకెప్పుడైనా అయితే ఒంటికాలి మీద లేచేదాన్ని. ఆవిడ భుజం ఎంత సలుపుతోందో నీకేం తెలుసు, గుమ్మంలో నిలబడి కబుర్లా అనేదాన్ని. అతని వైపు తిరిగి చూస్తే, క్యారేజీ చంకన ఇరికించుకుని తన కుడిభుజాన్నే అదుముకుంటున్నాడు. ఆ నొప్పి నాకంటే అతనికే బాగా తెలుసు. అయినా ఆ మాటే వచ్చింది. అప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. గాలివాన రోజుల్లో మేమిద్దరం రేవులో నిలబడి నాన్న పడవ కోసం చూసేవాళ్ళం. మలుపు తిరిగి పడవ కనబడగానే అమ్మ ఊపిరి వదిలి "వచ్చేస్తోందమ్మా, ఎంత తేలిగ్గా వచ్చేస్తోందో చూడు" అనేది. దగ్గర నుంచి చూస్తే నాన్న ఒళ్ళు ఎలా ఉంటుందో అమ్మకి తెలీదా, రాత్రికి ఆముదం రాసేది తనే కదా. పడవలో హాయిగా కూర్చున్నవాడే ఈ మాట పుట్టించాడని ఇన్నేళ్ళూ వాదించాను. ఒడ్డున నిలబడి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తమవాళ్ళ కోసం చూసేవాళ్ళు కూడా పుట్టించి ఉండొచ్చు. భయం తీరిపోయిన వాళ్ళకి వచ్చే మాట అది. నా వాదన సగం పోయింది. పోనివ్వండి, నాకేం బాధ లేదు.

ఎండ ఎక్కేలోపు పడుగు ఆరింది. తెగిన పోగులన్నీ ముడేసుకున్నారు. మల్లప్ప ఆ రోజు మిల్లుకి పోలేదు.

రెండు ఇళ్ళ మధ్య

మధ్యాహ్నానికి శంకరమ్మ భుజం వాచింది. నేను ఉప్పు మూట కాచి కాపడం పెట్టాను. పెడుతున్నంతసేపూ ఆవిడ, "నడుమ ఒగ జానెడు బిరుసుండాది, ఆడ నేసేటప్పుడు తడి చెయ్యి పెట్టమని సెప్పల్ల" అంటూ పడుగు గురించే మాట్లాడింది. డాక్టరు చెప్పినా లేపని చెయ్యి, ఆ బిరుసు ఎక్కడుందో చూపించడానికి కళ్ళదాకా లేపింది. లేపినట్టు తనకి తెలీదు.

సాయంత్రం హంపమ్మ వచ్చింది. కొంగు కింద గిన్నెలో గుత్తివంకాయ కూర. గిన్నె కింద పెట్టి, "రేప్పొద్దున మీ పడుగు. అందరికీ సెప్పొచ్చినా" అంది.

"నేను సెప్పమన్నానా?" అంది శంకరమ్మ, మొహం ఎర్రగా చేసుకుని.

"నువ్వొచ్చినావు కదా మా దానికి. ఇంగ మేం రావల్ల."

"ఒగ దినం వచ్చినా. ఇన్నాళ్ళూ రాలేదే."

"నాకు లెక్కలు రావు. నువ్వొచ్చినావు, మేమొస్తాం." హంపమ్మ మూలనున్న మూట దగ్గరికి వెళ్ళి, అడక్కుండానే పాత చీర విప్పి దారాలు చేత్తో పట్టుకు చూసింది. "పురుగు పట్టల్యా" అంది. శంకరమ్మ ఏడవడం మొదలెట్టింది. హంపమ్మ ఓదార్చలేదు, మూట భుజాన వేసుకుని ఎదురింటికి వెళ్ళిపోయింది.

మల్లప్ప వాకిట్లోకి వెళ్ళి ఫోనులో ఎవరితోనో, "వద్దప్పా, రేపు రావద్దు. ఆ గుంత మాకు కావల్ల" అని చెప్పడం వినిపించింది. బండలకి ఇచ్చిన బయానా గురించి అవతలివాడు ఏదో అన్నట్టున్నాడు. "ఉండనీలే" అన్నాడు మల్లప్ప. మట్టిని ఆ సాయంత్రమే ఇరుగుపొరుగు వాళ్ళు తమ వాకిళ్ళు మెరక చేసుకోడానికి గంపలతో ఎత్తుకుపోయారు.

బస్సు వేళ

నేను బయలుదేరేసరికి శంకరమ్మ పడుగు వీధిలో చాపి ఉంది. ఆ పూట గాలి బుద్ధిగా ఉంది. శంకరమ్మ ఎడమచేతి మీద, హంపమ్మ కుడిచేతి మీద, నిన్న మార్చుకున్న చోట్లలోనే నడుస్తున్నారు. వెళ్ళొస్తానని చెప్పాలి. కానీ దువ్వుతూ మధ్యలో ఆగడానికి వీల్లేదు, ఆగిన చోట గంజి గడ్డకడుతుంది. శంకరమ్మ ఆగలేదు. సంచీ భుజాన వేసుకుని నేనే పక్కన నడవడం మొదలెట్టాను. అలా నడుస్తూనే వీడ్కోలు చెప్పుకున్నాం.

"నొప్పిగా లేదూ?" అన్నాను.

"ఉండాది."

"మగ్గం మీద ఎప్పుడు కూర్చుంటావు?"

"అది తెల్దక్కా. మగ్గం తాడు కుడిచేత్తోనే లాగల్ల. చెయ్యి ఇంగా లేవల్ల. లేస్తాదో లేదో." దారాల మీద నుంచి చూపు తియ్యకుండా చెప్పింది. గొంతులో మొన్నటి ఏడుపు లేదు.

నేయబోయే దుప్పట్లలో నాకొకటి పంపమన్నాను. మొదటిది హంపమ్మకనీ, రెండోది నాకనీ చెప్పింది. అవతలి నుంచి హంపమ్మ, "నాకెందుకు, నా ఇంట్ల మగ్గం లేదా" అంది. "గమ్మున నడువు" అంది శంకరమ్మ.

వీధి కొసకి వచ్చాం. ఇద్దరూ కుంచె పైకెత్తారు. శంకరమ్మ ఊపిరి తీసుకుని, నుదురు భుజానికి తుడుచుకుని, హంపమ్మని అడిగింది. "రేపు ఎవుర్ది?"

"మూల ఇంటోళ్ళది."

శంకరమ్మ నా వైపు తిరిగింది. "రేపు ఉంటే సూసేదానివి అక్కా. వాళ్ళది శానా పెద్ద పడుగు, మనుషులు సాలరు" అంది. "నేను పోవల్ల దానికి" అంటూనే కుంచె ఎత్తుకుని మళ్ళీ మొదటి కొసకి నడిచిపోయింది.